పెద్దపులి తరిమితే చిరుత ఊరిమీద పడుతోంది

అడవి అంచు గ్రామాల్లో కూలి సంఘం సమావేశం పెడితే కూలిరేట్ల చర్చ అవుతుంది, ఇళ్ళస్థలాల చర్చ అవుతుంది. ఇక లేద్దామనుకునే వేళకు వెనక కూచున్న ఆడమనిషి ఎవరో లేచి అడుగుతుంది: "మా మేకను చిరుత ఎత్తుకపోయింది. మేం ఎవరికి చెప్పుకోవాలె?"

ఇది చిన్న ప్రశ్న కాదు. భూమి లేని కూలి కుటుంబానికి రెండు మేకలంటే బ్యాంకులో వేసుకున్న సొమ్ముతో సమానం. జబ్బు చేస్తే అమ్మేది ఆ మేకనే. పిల్లకు పెళ్ళి కుదిరితే అమ్మేదీ ఆ మేకనే. ఒక్క రాత్రిలో దొడ్డిలో నాలుగు మేకలు చచ్చాయంటే ఆ ఇంటి పదేళ్ళ కూడబెట్టు పోయినట్లే.

ఈ ప్రశ్నకు మూడు రకాల జవాబులు వినబడుతున్నాయి. "మీరు అడవిలోకి పోయారు గనుక అది మీమీదికి వచ్చింది" అని అధికారులంటారు. "అడవి మృగాలది, మనుషులే తప్పుకోవాలి" అని పట్నంలో కూచున్న పెద్దమనుషులంటారు. ఒళ్ళు మండిన మన కుర్రవాళ్ళు "చచ్చిన మేకలో గుళికల మందు పెడితే పీడ వదులుతుంది" అంటారు. ఈ మూడు జవాబుల్లోనూ ఒక సంగతి తప్పిపోయింది. చిరుత అడవి వదిలి ఊరి దొడ్డిదాకా ఎందుకొచ్చింది? ఊరిమీద ప్రేమతో రాలేదు గదా! దాన్ని అక్కడినుంచి నెట్టిన వాళ్ళెవరో, నెట్టిన పరిస్థితి ఏమిటో తెలుసుకోకుండా మనం ఏ కోరిక పెట్టినా అది గాలిలో పెట్టినట్లే అవుతుంది.

ఒక అడవిలో ముగ్గురు వేటగాళ్ళు

మన దేశపు అడవుల్లో పెద్ద వేటగాళ్ళు ముగ్గురు: పెద్దపులి, చిరుతపులి, రేచుకుక్కల మంద. ముగ్గురికీ కావలసింది ఒకటే, గిట్టలున్న జంతువు మాంసం. దుప్పి, కణుజు, అడవిపంది - వీటిమీదనే ముగ్గురి బతుకూ. ఒకే చెరువు నీళ్ళమీద మూడు ఊళ్ళు ఆధారపడితే తగాదా రాకుండా ఎట్లా వుంటుంది? ఇక్కడా అంతే.

బలంలో ముగ్గురూ సమానం కాదు. మగ పెద్దపులి రెండు వందల కిలోల దాకా, కొన్ని అంతకు మించీ తూగుతుంది. చిరుత మగదైనా అరవై డెబ్బయి కిలోలు, ఆడదైతే ఇంకా తక్కువ. ఎదురుపడితే చిరుత తప్పుకోవలసిందే. తప్పుకోకపోతే పెద్దపులి దాన్ని చంపుతుంది. దాని కూనలను చంపుతుంది. అది కొట్టిన వేటను లాక్కుంటుంది. చిరుత తన వేటను చెట్టుకొమ్మ మీదికి ఎక్కించుకోవడంలో వున్న రహస్యం ఇదే. ఇక రేచుకుక్క విడిగా చూస్తే పదిహేను ఇరవై కిలోల జీవి. కాని పది పన్నెండు కలిసి వచ్చాయంటే చిరుత చెట్టెక్కవలసిందే. ఒంటరివాడి బలం వేరు, గుంపు బలం వేరు. ఈ సంగతి కూలి సంఘంలో పనిచేసే వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

అయినా ఈ మూడూ కలిసి బతికే అడవులున్నాయి. కర్ణాటకలోని నాగరహొళె అడవిలో ఉల్లాస్ కారంత్ అనే శాస్త్రజ్ఞుడు, మెల్విన్ సన్‌క్విస్ట్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడితో కలిసి దీన్ని పరిశీలించాడు. 1995లో వారు అచ్చువేసిన లెక్క చూడండి. పెద్దపులి కొట్టే జంతువు సగటు బరువు 91 కిలోల పైచిలుకు. చిరుత కొట్టేది సుమారు 38 కిలోలు. రేచుకుక్కలు కొట్టేవి సుమారు 43 కిలోలు. అంటే పెద్దపులి కణుజులూ అడవిదున్నల జోలికి పోతుంటే, మిగిలిన ఇద్దరూ దుప్పులతో, చిన్న జంతువులతో సరిపెట్టుకుంటున్నారు. వేళల్లో కూడా పంపకం వుంది. రేచుకుక్కలు పగలు వేటాడతాయి, పులులకు రాత్రే అనుకూలం. చిన్నా పెద్దా అన్నిరకాల మేత జంతువులూ పుష్కలంగా వుంటే ఈ సర్దుబాటు సాగుతుంది. అడవి ఇరుకైనా, దుప్పులు కరువైనా సర్దుబాటు తెగిపోతుంది. అప్పుడు బలహీనుడు అంచుకు పోతాడు. అంచున వుండేది మన ఊరు.

మృగాల కొట్లాటను మనుషుల దోపిడీతో పోల్చడం ఇక్కడ ఉద్దేశం కాదు. పులి గోదాములో మాంసం దాచిపెట్టి ధర పెంచదు, అప్పిచ్చి నోటు రాయించుకోదు. దాని కొట్లాట కడుపు కోసం, కూనల కోసం. ఆ కొట్లాటను మనం ఆపలేం, ఆపవలసిన పనీ లేదు. కాని దాని నష్టం ఎవరి నెత్తిన పడాలన్నది మృగాలు తేల్చే విషయం కాదు. అది ప్రభుత్వం తేల్చేది.

రాజాజీ అడవి చెప్పిన పాఠం

ఉత్తరాఖండ్‌లో గంగానది ఒడ్డున రాజాజీ అడవి వుంది. అందులో చిల్లా రేంజిలో తరతరాలుగా బర్రెలు మేపుకుని బతికే వన గుజ్జర్లు వుండేవారు. పులుల కోసమని వాళ్ళను అక్కడినుంచి బయటికి తరలించారు. ఆ తరువాత అక్కడ పెద్దపులులు మళ్ళీ పెరిగాయి. ప్రభుత్వ దృష్టిలో ఇది విజయం. పులి తిరిగి రావడం మంచిదే, కాదనం. అయితే కథ అక్కడితో అయిపోలేదు.

డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ పరిశోధకులు ఆ అడవిలో చిరుతల సంగతి కూడా లెక్కతీశారు. 2004-05లో నూరు చదరపు కిలోమీటర్లకు 9కి పైగా వున్న చిరుతలు 2007-08 నాటికి 2కు పడిపోయాయి. మూడేళ్ళలో అంత తేడా! మిగిలిన చిరుతల పెంటికలు పరీక్షిస్తే ఇంకో సంగతి బయటపడింది. అంతకు ముందు వాటి తిండిలో పెంపుడు జంతువుల పాలు నూటికి 7కు మించలేదు. పులులు పెరిగాక అది నూటికి 32 దాకా పెరిగింది. పులి నడి అడవిని ఆక్రమించింది, చిరుత అంచుకు జరిగింది. అంచున దానికి దొరికింది దుప్పి కాదు. ఎవరిదో దూడ, ఎవరిదో మేక, ఎవరిదో కుక్క.

ఇందులో మనం గ్రహించవలసింది వుంది. మనుషులను అడవిలోనుంచి తీసేస్తే మనిషికీ మృగానికీ తగాదా వుండదని ఒక వాదన చాలాకాలంగా నడుస్తోంది. చిల్లాలో గుజ్జర్లు పోయారు. తగాదా పోయిందా? అది పక్క ఊరికి మారింది. మొదట అడవిలో వున్న పేదవాడు నష్టపోయాడు, తరువాత అడవి పక్కన వున్న పేదవాడు నష్టపోయాడు. రెండుసార్లూ సంబరం మాత్రం వేరే చోట జరిగింది.

నల్లమల మాట

ఇక మన నల్లమల సంగతికి వద్దాం. నాగార్జునసాగర్ - శ్రీశైలం అడవిని 1983లో పులుల ప్రాజెక్టు కిందికి తెచ్చారు. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల రక్షిత ప్రాంతమైంది. కృష్ణకు అటూ ఇటూ అడవి ఒకటే, ఊళ్ళ బాధలూ ఒకటే.

ప్రభుత్వ లెక్కలే చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో పెద్దపులులు 2018లో 48, 2022లో 63. అదే కాలంలో చిరుతలు 492 నుంచి 569కి పెరిగాయని అంచనా. దేశం మొత్తం మీద పులుల రక్షిత ప్రాంతాల్లో చిరుతలు అన్నిటికంటే ఎక్కువగా వున్నది నాగార్జునసాగర్ - శ్రీశైలంలోనేనని 2024లో కేంద్రం విడుదల చేసిన నివేదిక చెప్పింది. ఈ లెక్కలు ముఖ్యంగా పులులుండే అడవుల్లో తీసినవి. చేల మధ్య, గుట్టల్లో బతికే చిరుతలన్నీ ఇందులో చేరవు.

అంటే ఒకే అడవిలో పెద్దపులులూ పెరుగుతున్నాయి, చిరుతలూ దండిగా వున్నాయి. చిల్లాలో జరిగింది ఇక్కడ కూడా జరగకుండా వుండాలంటే ఇప్పటినుంచే అంచు ఊళ్ళ గురించి ఆలోచించాలి. పులుల లెక్కతోపాటు ఊరూరా పోయిన మేకల లెక్క, దూడల లెక్క కూడా ప్రతి ఏడూ తీసి ప్రకటించాలి. పులికి ఫోటో తీసే కెమెరాలు చెట్టు చెట్టుకూ వున్నాయి. మేక పోయిన ముసలమ్మ పేరు రాసుకునే పుస్తకం మాత్రం ఒక్కటీ కనబడదు!

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఊళ్ళోకి వచ్చే ప్రతి చిరుతనూ పెద్దపులే తరిమిందనడం సరికాదు. చిరుత ఎక్కడైనా బతకగలదు. చెరకు తోటలో బతుకుతుంది, గుట్ట మీద బతుకుతుంది, ఊరకుక్కలు తిని బతుకుతుంది. తిరుమల కొండ నల్లమల మాదిరిగా పెద్దపులుల నెలవు కాదు. అయినా 2023 జూన్‌లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక పసివాణ్ణి పట్టుకుపోయి వదిలింది. ఆగస్టులో ఆరేళ్ళ పాపను చంపింది. నడకదారి వెంట పారేసిన తిండి, దానికి చేరే కుక్కలూ పందులూ, వాటి వెనక చిరుత - ఈ గొలుసు అర్థం చేసుకోవాలి. మన ఊరిబయట కోళ్ళ వ్యర్థాలు గుట్టగా పోసే చోట కూడా ఇదే గొలుసు తయారవుతుంది.

పత్తి చేలోకి వచ్చిన పులి

బలమైనది బలహీనమైనదాన్ని నెట్టడం జాతికీ జాతికీ మధ్యనే కాదు, పులికీ పులికీ మధ్య కూడా జరుగుతుంది. మహారాష్ట్రలోని తాడోబా, దాని చుట్టుపక్కల అడవుల్లో పులులు నిండిపోయాయి. వయసుకొచ్చిన పిల్లపులికి అక్కడ జాగా దొరకదు. పెద్ద మగపులి దాన్ని వుండనివ్వదు. అది ప్రాణహిత దాటి కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వస్తుంది. తనదైన అడవి కోసం వెతుక్కుంటూ చేల మధ్య నడుస్తుంది.

ఆ చేలలో వున్నదెవరు? పత్తి ఏరే కూలీలు. 2020 నవంబరులో ఆ జిల్లాలో పులి ఇద్దరిని చంపింది. అందులో ఒకరు పత్తి ఏరుతున్న అమ్మాయి. 2024 నవంబరు 29న కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేలో వున్న 21 ఏళ్ళ యువతి పులి దాడిలో ప్రాణం పోగొట్టుకుంది. నెల గమనించండి, మూడుసార్లూ నవంబరే. పత్తి ఏరే కాలం అదే, చేను మనిషి నడుమెత్తు వుండేదీ అప్పుడే. వంగి పనిచేసే మనిషి పులి కంటికి మనిషిలాగా కనబడడు, నాలుగు కాళ్ళ జంతువులాగా కనబడతాడు. "పులి తిరుగుతోంది, జాగ్రత్త" అని దండోరా వేస్తే సరిపోతుందా? ఆ రోజు పనికి పోకపోతే కూలి ఎవరిస్తారు? చేను యజమానికి పత్తి తడవకముందే ఏరించాలన్న తొందర. కూలికి పొయ్యి వెలిగించాలన్న తొందర. ఈ రెండు తొందరల మధ్య పులి ముందుకు నడిచేది ఎప్పుడూ కూలి మనిషే.

పట్టుకపోయి వేరేచోట వదిలితే?

చిరుత కనబడగానే మనవాళ్ళు ముందు పెట్టే కోరిక "బోను పెట్టి పట్టుకపోండి" అని. మనిషి మీద పడినదాన్ని పట్టవలసిందే, అందులో రెండో మాట లేదు. కాని కనబడిన ప్రతి చిరుతనూ పట్టి ఇంకో అడవిలో వదలడం వల్ల ఏమవుతుందో మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతం చూపించింది.

జున్నర్‌లో చెరకు తోటలు విస్తారం. చిరుతలు ఆ తోటల్లోనే కూనలు పెడతాయి. 2001 నుంచి అక్కడ చాలా చిరుతలను పట్టి దూరపు అడవుల్లో వదిలారు. విద్యా ఆత్రేయ, ఆమెతోటి పరిశోధకులు దాని ఫలితాన్ని 2011లో బయటపెట్టారు. అంతకు ముందు మనుషుల మీద దాడులు ఏడాదికి సగటున 4. ఈ తరలింపులు మొదలైన తరువాత 17! కారణం వింటే మనకు వింతగా వుండదు. తెలియని చోట వదిలిన చిరుతకు అక్కడ దారి తెలియదు, నీరు తెలియదు. అక్కడ ముందే వున్న చిరుత దాన్ని వుండనివ్వదు. బెదిరి, ఆకలితో అది ఊళ్ళమీద పడుతుంది. ఇటు ఖాళీ అయిన తోటలోకి ఇంకో చిరుత వచ్చి చేరుతుంది. ఒక ఊరి బాధ రెండు ఊళ్ళకు పంచినట్లయింది.

విషం పెట్టడం ఇంకా పనికిమాలిన పని. విషం పెట్టిన కళేబరాన్ని చిరుతే తింటుందన్న హామీ లేదు. ఊరకుక్క తింటుంది, నక్క తింటుంది, పెద్దపులీ తింటుంది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద జైలుకు పోయేది విషం అమ్మిన దుకాణదారు కాదు, వెనకనుంచి ఎగదోసిన ఆసామి కాదు. పెట్టిన కూలివాడే. అది చచ్చినా ఆ జాగాలోకి మరొకటి వస్తుంది.

చంపుడు పద్ధతి కొత్తది కాదు, తెల్లదొరల పద్ధతి. పులికింత, చిరుతకింత, రేచుకుక్కకింత అని తలకు వెలకట్టి బహుమానాలిచ్చారు. 1875 నుంచి 1925 దాకా యాభై ఏళ్ళలో 80 వేలకు పైగా పులులు, లక్షన్నరకు పైగా చిరుతలు, రెండు లక్షల తోడేళ్ళు చచ్చాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్క చెప్పాడు. దానివల్ల రైతు బాగుపడ్డాడా? కూలి బాగుపడ్డాడా? అడవి నరికి రైలుపట్టాల కింద పరిచినవాడు బాగుపడ్డాడు.

మేకకు అడ్డమున్న అడవి, గనికి అడ్డం లేదా?

పెద్దపులి, చిరుత కొట్లాట ఊరిమీద పడకుండా వుండాలంటే మొదటి షరతు అడవి విశాలంగా వుండాలి, అందులో దుప్పులుండాలి. అడవిని ముక్కలు చేస్తున్నదెవరు? నలభై మేకల కాపరిని "అడవి పాడుచేస్తున్నావు" అని ఆపే ప్రభుత్వాలు, 2019 మేలో అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా సరేనన్నాయి. చెంచులు, అంచు గ్రామాల జనం, అనేక సంఘాలు ఎదురుతిరిగిన మీదటే అదే సంవత్సరం సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది. ఆ రోజు నల్లమలను కాపాడింది ప్రజలు. పులికి శత్రువు చెంచు కాదు, మేకలకాపరి కాదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం కావాలా?

2006 నాటి అటవీ హక్కుల చట్టం మేత హక్కును సామూహిక హక్కుగా గుర్తించింది. హక్కుల గుర్తింపు పూర్తికాకుండా ఎవరినీ ఖాళీ చేయించరాదని కూడా అందులో వుంది. ఏ భాగంలో మేపాలి, ఏ భాగాన్ని పులికి విడిచిపెట్టాలి అన్నది గ్రామసభతో కూచుని తేల్చుకోవాలి. అట్లా తేల్చుకుంటే చాలా తగాదాలు ముందే తగ్గుతాయి.

ఏమి అడగాలి, ఏమి చేయాలి

మనిషి ప్రాణం పోతే ఇచ్చే పరిహారాన్ని 2023 డిసెంబరులో కేంద్రం 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. ప్రాణానికి ఇది వెల కాదు. అయినా ఆ మాత్రమైనా కాలయాపన లేకుండా అందాలి. మేకకూ దూడకూ సంతధర ప్రకారం పరిహారం నెలలోపల చేతికి రావాలి. ఆఫీసుల చుట్టూ పదిసార్లు తిరిగితే పోయిన కూలి మేక ధరను మించిపోతుంది. అందుకే చాలామంది అడగడమే మానుకుంటున్నారు. పులి తిరుగుతోందని అధికారులు పనులు ఆపమన్న రోజులకు కూలీలకు భత్యం ఇవ్వాలి. మేకల దొడ్లకు పైకప్పు, గట్టి జాలీ, తలుపు ప్రభుత్వ ఖర్చుతో వేయించాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద పేదల మేకలకు కొట్టాలు కట్టించే వీలు కల్పించారు. పథకాల పేర్లు మారినా ఆ వీలు పోనివ్వకూడదు. అంచు గ్రామాల్లో ప్రతి ఇంటికీ నీళ్ళున్న మరుగుదొడ్డి, ప్రతి వీధికీ దీపం కావాలి. చీకట్లో చెంబు పట్టుకుని పోయే ఆడవాళ్ళకు చిరుత భయం ఒకటి, ఇంకా చాలా భయాలున్నాయి.

మనం చేసుకోవలసినవీ వున్నాయి. పశువు పోతే కళేబరాన్ని కదిలించకుండా ఆ రోజే బీటు ఆఫీసరుకు, పశువుల డాక్టరుకు కబురు చేసి పంచనామా రాయించాలి. ఫోటో తీయాలి. అర్జీ ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోవాలి. ఈ పని సంఘం కార్యకర్త దగ్గరుండి చేయించాలి. పత్తి చేలలో ఒంటరిగా దిగవద్దు. వరసలో దిగి మాట్లాడుకుంటూ, పాడుకుంటూ ఏరాలి. ఒకరు గట్టుమీద నిలబడి చూస్తుండాలి, ఆ మనిషికీ కూలి కట్టాలని యజమానిని నిలదీయాలి. చిన్నపిల్లలను ఒంటరిగా మేకల వెంట పంపవద్దు. చిరుత దొడ్లో ఇరుక్కుంటే ఊరంతా చుట్టుముట్టవద్దు. దారిలేని చిరుతే మనిషిమీద పడుతుంది. చెరకు కొట్టేచోట కూనలు కనబడితే ఇంటికి తేవద్దు. అక్కడే వుంచి దూరం జరిగితే తల్లి రాత్రికి వచ్చి తీసుకుపోతుంది.

ఆంబోతుల కుమ్ములాటలో లేగదూడలు నలిగాయని సామెత. నల్లమలలో పెద్దపులికీ చిరుతకూ నడిచే కొట్లాట ఎప్పటినుంచో వున్నదే, ఇకముందూ వుండేదే. ఆ రెండూ వుంటేనే అడవి వుంటుంది, అడవి వుంటేనే మన వాగుల్లో నీళ్ళుంటాయి. పులి పెరగాలనే మనమూ అంటున్నాం. పెరిగిన పులికి కట్టవలసిన శిస్తు మాత్రం దేశమంతా కలిసి కట్టాలి, అడవి అంచున రెండు మేకలున్న ఇంటిమీద మోపితే ఒప్పుకునేది లేదు. వచ్చే గ్రామసభలో మీ ఊరిలో ఈ ఏడు పోయిన మేకల పేర్లు, యజమానుల పేర్లు, తేదీలు కాగితం మీద రాసి ముందు పెట్టండి. పోరాటం ఆ కాగితంతో మొదలవుతుంది.